ఇద్దరికీ ఆశ్రయం దొరికింది అని రాస్తే సరిపోదు: ఒక వృద్ధ దంపతుల కేసు

ఆయనకు 76, ఆమెకు 70. పెళ్ళయి 53 ఏళ్ళు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్న పట్టణం. ఆయన టైలరు. ఆమె ఆ మిషను పక్కనే కూర్చుని నలభై ఏళ్ళు కాజాలు కుట్టింది, హెమ్మింగ్ చేసింది, గుండీలు కుట్టింది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. వాళ్ళను గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. ఇక్కడ వాళ్ళను పెద్దాయన, పెద్దమ్మ అనే అంటాను. నేను వాళ్ళను పిలిచిందీ అలాగే.

కేసు 2025లో 14567 ద్వారా మా దగ్గరికి వచ్చింది. వృద్ధుల కోసం దేశమంతటికీ ఉన్న హెల్ప్‌లైన్ నంబరు అది. ఫోన్ చేసింది పక్కింటామె. "ముసలాళ్ళిద్దరినీ చెరో కొడుకు పంచుకుంటున్నారండీ. వచ్చే ఆదివారం ఆవిణ్ణి తీసుకెళ్ళిపోతారంట. మీరేమన్నా ఆపగలరా?" అని అడిగింది.

ఇలాంటి కేసు నాకు కొత్తేం కాదు. మూడేళ్ళ కింద ఒక జంట విషయంలో కొడుకులు ఇదే పద్ధతి చెప్పారు. నేనూ ఒప్పుకున్నాను. ఇద్దరికీ తిండి ఉంది, పడుకోవడానికి చోటుంది, మందులు కొనిస్తామన్నారు. "ఇద్దరికీ ఆశ్రయం దొరికింది" అని రాసి ఫైలు మూసేశాను. తర్వాత ఎప్పుడో ఆ వీధి మీదుగా వెళ్తూ ఆ పెద్దావిణ్ణి పలకరిస్తే, ఆమె నన్ను అడిగిన మొదటి మాట "ఆయన్నెప్పుడైనా చూశావా అమ్మా, ఎట్లా ఉన్నాడు?" అని. నా దగ్గర జవాబు లేదు. ఈ కేసులో నేను చేసిన పని చాలావరకు ఆ ప్రశ్న నుంచి వచ్చిందే.

ఇంట్లో పరిస్థితి

రెండు గదుల సొంత ఇల్లు. 2014లో పెద్దకొడుకు పేర దానపత్రం రాసిచ్చారు. అతను ఆటో నడుపుతాడు, బండి ఫైనాన్సులో ఉంది, ఇద్దరు పిల్లల చదువులు. చిన్నకొడుకు రెండు వందల కిలోమీటర్ల దూరంలో నగరంలో ప్రైవేటు ఉద్యోగం చేస్తాడు. అక్కడ భార్యాభర్తలిద్దరూ పనికి పోతారు, మూడేళ్ళ పిల్ల ఉంది. కూతురిది అదే జిల్లాలో మరో ఊరు.

ఇంటికొచ్చే ఆదాయంలో తల్లిదండ్రుల పేరు మీద ఉన్నది ఒక్కటే, పెద్దాయన వృద్ధాప్య పింఛను, నెలకు 4,000 రూపాయలు. సాధారణంగా కుటుంబానికి ఒక పింఛనే కాబట్టి పెద్దమ్మకు లేదు. పంపకం ఎలా జరిగిందో అర్థం కావాలంటే ఈ సంగతి తెలియాలి. నెల మొదట్లో చేతికొచ్చే ఆ నాలుగు వేలు పెద్దాయనతోపాటే ఉంటాయి. అందుకని పెద్దకొడుకు "నాన్న నా దగ్గరుంటాడు" అన్నాడు. చిన్నకొడుకుకి పిల్లను చూసుకునే మనిషి కావాలి. "అమ్మను నేను తీసుకెళ్తా" అన్నాడు. వీధిలో ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని సరే అన్నారు. ఎవరి అవసరం వాళ్ళకు కుదిరింది. తల్లిదండ్రులనెవరూ అడగలేదు.

ఈ కొడుకులను దుర్మార్గులుగా రాయడం నాకు ఇష్టం లేదు. పెద్దవాడు నాతో మాట్లాడుతూ నాలుగు నెలల కిస్తీ కట్టలేదని చెప్పి ఏడ్చాడు. పేదరికం తల్లిదండ్రుల దగ్గరే ఆగలేదు, ఆ ఇంట్లో మూడు తరాలనూ పట్టుకుంది. ఆ ఇబ్బందిలో ఎవరో ఒకరు సర్దుకోవాల్సి వచ్చినప్పుడు, ఎదురు చెప్పలేని ముసలివాళ్ళ మీదికే ఆ సర్దుబాటు వచ్చి పడింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు

మొదటిరోజు నేను చేసిన పొరపాటు, అందరి ముందూ అడగడం. "ఏమ్మా, చిన్నబ్బాయి దగ్గరికి వెళ్ళడం నీకిష్టమేనా?" అన్నాను. "వాళ్ళెట్లా చెప్తే అట్లాగే" అంది పెద్దమ్మ, కోడలి వైపు చూసి. పెద్దాయన తల కూడా ఎత్తలేదు. ఆ జవాబును సమ్మతిగా రాసుకుని లేచి వచ్చే ప్రమాదం ఉంది. చాలామందిమి అదే చేస్తాం.

రెండోసారి ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాను. ఒకరిని అరుగు మీద, ఇంకొకరిని లోపల కూర్చోబెట్టి ఒకే ప్రశ్న వేశాను: "మీకేం కావాలి?"

పెద్దమ్మ: "నాకేం కావాలమ్మా, ముద్ద పడేస్తే తింటాను. ఆయన మాత్ర ఎవరు తీసిస్తారు? చొక్కా గుండీలెవరు పెడతారు? ఒకరు పెడితే సిగ్గుపడతాడు."

పెద్దాయన: "నన్నెక్కడ పెట్టినా పర్లేదు. దానికి పొద్దుగూకితే మెట్టు కనపడదు. కొత్త ఇంట్లో ఎక్కడ గడప ఉందో ఎవరు చెప్తారు? అది వాళ్ళకి చెప్పు తల్లీ."

మీకేం కావాలని అడిగితే, ఇద్దరూ రెండోవాళ్ళకు కావలసినవే చెప్పారు. ఈ రెండు జవాబులూ మాటకు మాట రాసుకున్నాను. తర్వాత వృద్ధుల పోషణ కేసులు చూసే ట్రిబ్యునల్‌కు పెట్టిన దరఖాస్తులో ముఖ్యమైన పేరాలు ఇవే.

ఒకసారి విడదీసి చూడటం అప్పటికే జరిగిపోయింది కూడా. మార్చిలో చిన్నకొడుకు తల్లిని 19 రోజులు తీసుకెళ్ళాడు. అక్కడ ఆమె బాత్రూము గడప తన్నుకుని పడి నుదురు చిట్లింది. ఇక్కడ పెద్దాయన నాలుగో రోజుకే మంచం దిగడం మానేశాడు. "అమ్మ లేదని బెంగ పెట్టుకున్నాడు" అన్నారు ఇంట్లోవాళ్ళు. బెంగ నిజమే. కానీ మంచం దిగకపోవడానికి ఇంకో కారణం ఉందని మాత్రల దగ్గర కూర్చున్నాక తెలిసింది.

మాత్రల దగ్గర

పెద్దాయనకు పార్కిన్సన్స్ వ్యాధి ఏడేళ్ళుగా ఉంది. చేతులు వణుకుతాయి, కాళ్ళు బిగుసుకుంటాయి, నడక మొదలుపెట్టడం కష్టం. లెవోడోపా మందు ఉన్న సిండోపా మాత్ర రోజుకు మూడుసార్లు. పెద్దమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరాయి. ఆమెకు చదువు రాదు, ఇప్పుడు చూపూ లేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు నేను అక్కడే ఉన్నాను. గోడ గడియారం చూసి ఆయన "టైమైందే" అన్నాడు. ఆమె మంచం కింద నుంచి ఒక పాత రేకు డబ్బా తీసింది. ఒకప్పుడు గుండీలు పోసుకున్న డబ్బా. రెండు రకాల మాత్రల అట్టలు తీసి ఆయన ముఖం ముందు పట్టుకుంది. "ఎడంచేతిది" అన్నాడాయన, పేరు చదివి. ఆమె కుడిచేతిది కింద పెట్టేసి, ఎడమచేతి అట్టను బొటనవేలితో తడిమి, నిండుగా ఉన్న గుంట ఎక్కడుందో చూసుకుని, నొక్కి మాత్ర బయటికి తీసింది. ఆయన నోరు తెరిచాడు. నీళ్ళ గ్లాసు సగమే నింపింది, నిండుగా పోస్తే ఒలుకుతుందని. అర నిమిషం పట్టలేదు. ఒకరికి కళ్ళున్నాయి, ఒకరికి చేతులున్నాయి.

లెవోడోపా మందు తీరు తెలిసినవాళ్ళకు ఇక్కడ విషయం అర్థమవుతుంది. ఈ మందు సమయానికి పడాలి. ఆలస్యమైతే ముందు డోసు ప్రభావం తగ్గిపోయి ఒళ్ళు కట్టెలా బిగుసుకుంటుంది. మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న భోజనంతో కలిపి వేసుకుంటే కొందరిలో సరిగా పనిచేయదు కూడా. అందుకే భోజనానికి అరగంట ముందు వేసుకోమని డాక్టరు చెప్పారు. ఆ 19 రోజులూ కోడలు పని తెమిలినప్పుడు అన్నంతోపాటు మాత్ర ఇచ్చింది. నిర్లక్ష్యం కాదు, ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఆయన మంచం దిగకపోవడానికి అది పెద్ద కారణం. పెద్దమ్మకు ఆ మందు పేరు తెలియదు గానీ వేళ తెలుసు.

మనిషి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో చూడటానికి నేను వాడే కాట్జ్ స్కేలులో స్నానం, దుస్తులు వేసుకోవడం, మరుగుదొడ్డి, లేచి కూర్చోవడం, మలమూత్రాల అదుపు, తినడం అని ఆరు పనులుంటాయి. విడిగా చూస్తే పెద్దాయనకు ఆరింటికి మూడే వచ్చాయి. పెద్దమ్మకు ఐదు వచ్చాయి గానీ, మందులు, డబ్బు, ఫోను, ప్రయాణం లాంటి పనులు చూసే లాటన్ స్కేలులో దాదాపు అన్నింట్లోనూ సున్నా. కాగితం మీద ఇద్దరూ మరొకరి మీద ఆధారపడ్డ మనుషులు. ఆ తర్వాత ఇద్దరినీ కలిపి చూశాను. ఏ పనికి మూడో మనిషి కావాలి? స్నానానికి బకెట్టు నీళ్ళు మోసి పెట్టాలి, వంట చేయాలి, బయటి పనులు చూడాలి. అంతే. మిగతాదంతా ఇద్దరి మధ్యే గడిచిపోతోంది. నడక కూడా అంతే. ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేస్తాడు, ఆమె ఆయన నోటి మాట మీద అడుగు వేస్తుంది: "మెట్టు. ఇంకోటి. ఇక సాపు."

ఈ స్కేళ్ళను దంపతులకు విడివిడిగా మాత్రమే నింపితే నిజం సగమే కనిపిస్తుంది. విడదీయడం వల్ల ఖర్చు తగ్గుతుందని కొడుకులు అనుకున్నారు. ఇద్దరినీ విడదీస్తే ఒక్కో ఇంట్లో ఒక్కో మనిషి రోజంతా కనిపెట్టుకుని ఉండాల్సి వస్తుంది. ఈ లెక్క చెప్పినప్పుడే పెద్దకొడుకు మొదటిసారి నా మాట శ్రద్ధగా విన్నాడు. ప్రేమ గురించి చెబితే వినేవాడో లేదో తెలియదు.

దారులు ఏమున్నాయి

వృద్ధాశ్రమం గురించి పెద్దమ్మే అడిగింది, "ఇద్దరినీ ఒకే గదిలో ఉంచుతారా?" అని. నేను కనుక్కున్న రెండు ఉచిత హోముల్లో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ వేరు వేరు హాళ్ళు. జంటలకు గది ఇచ్చేచోట నెలనెలా కట్టాల్సింది వీళ్ళ పింఛనుకు అందేది కాదు. నెలకొక కొడుకు దగ్గర ఇద్దరూ కలిసి ఉండే వంతుల పద్ధతీ ఆలోచించాం. కానీ ఆమె చూపుకు ప్రతి నెలా ఇల్లు మారడమంటే ప్రతి నెలా కొత్త గడపలే.

పక్కింటామె పోలీసు కేసు పెట్టమంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లో సెక్షన్ 24 ఉంది. చూసుకోవలసినవాళ్ళు వృద్ధులను పూర్తిగా వదిలేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇక్కడ వదిలేయడం జరగలేదు, పంచుకోవడం జరుగుతోంది. పైగా ఆటో నడిపే కొడుకు స్టేషన్ మెట్లెక్కితే ఆ రాత్రి ఆ ఇంట్లో అన్నం ముద్ద ఎవరికి దిగుతుంది? ఆ దారి వద్దనుకున్నాను.

ఇంకొకటి సెక్షన్ 23. చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. కానీ షరతు ఉందని తేలాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో ఇంకో తీర్పులో, ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం కాబట్టి ఉదారంగా అర్థం చేసుకోవాలంది. వీళ్ళ దానపత్రం నేను చదివాను. "ప్రేమాభిమానములతో" అని ఉంది, చూసుకోవాలని ఎక్కడా లేదు. అయినా ప్రయత్నించవచ్చని చెప్పాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "ఇచ్చింది వెనక్కి అడిగితే వాడి పిల్లల ముఖం ఎట్లా చూస్తాను?" అంది. ఆ నిర్ణయం వాళ్ళది, దాన్ని మార్చే ప్రయత్నం నేను చేయలేదు. ఇది చదివేవాళ్ళలో ఇల్లు పిల్లల పేర రాయబోతున్నవాళ్ళు ఉంటే ఒక్క మాట: తిండి, వైద్యం చూసుకోవాలన్న షరతును దస్తావేజులోనే రాయించండి. బతికున్నంతకాలం ఇద్దరూ ఆ ఇంట్లోనే కలిసి ఉండే హక్కు కూడా రాయించండి. రిజిస్ట్రేషన్ రోజు రెండు వాక్యాలు ఎక్కువ రాయించుకోవడానికి మొహమాటపడకండి.

దరఖాస్తు

చివరికి సెక్షన్ 5 కింద పోషణ దరఖాస్తు పెట్టాం. రెవెన్యూ డివిజన్ స్థాయిలో ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. లాయరు అక్కర్లేదు, పెద్దవాళ్ళే దాఖలు చేసుకోవచ్చు, చేతకాకపోతే వాళ్ళు అధికారమిచ్చిన మనిషిగానీ సంస్థగానీ చేయవచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఒకసారి ఇంకో 30 రోజులు పొడిగించవచ్చు. విచారణకు ముందు రాజీ అధికారికి పంపితే నెలలో ఆయన ఫలితం చెప్పాలి.

చట్టంలో "పోషణ" అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం. భార్యాభర్తలను కలిపి ఉంచడం అనే మాట అందులో లేదు. అయితే సెక్షన్ 4లో ఒక మాట ఉంది. పిల్లల బాధ్యత తల్లిదండ్రులు "సాధారణ జీవితం" గడపడానికి కావలసిన అవసరాల వరకూ ఉంటుందని. మేం ఆ మాటనే పట్టుకున్నాం. 53 ఏళ్ళు ఒకే కప్పు కింద బతికినవాళ్ళకు సాధారణ జీవితం అంటే కలిసి ఉండటమే అని రాశాం. ఇద్దరి పేర్లతో ఒకే దరఖాస్తు. కోరికల్లో మొదటిది డబ్బు కాదు: "మమ్మల్ని విడదీయకుండా, ఇప్పుడున్న ఇంట్లోనే ఇద్దరం కలిసి ఉండేలా ఆదేశించాలి." వెనక రెండు స్కేళ్ళ ఫలితాలు, డాక్టరు చీటీ, మార్చి 19 రోజుల్లో ఏం జరిగిందో ఒక పేజీ జతచేశాం.

ముగ్గురు పిల్లల పేర్లూ ప్రతివాదులుగా రాశాం. కూతురి పేరు రాయడానికి పెద్దాయన ఒప్పుకోలేదు, "ఆడపిల్లను కచేరీకెక్కిస్తానా" అని. చట్టం కొడుకునూ కూతురినీ వేరుగా చూడదని చెప్పాను. విషయం తెలిసి కూతురే ఫోన్ చేసింది. "నన్నెవరూ అడగలేదు మేడమ్, నా పేరూ రాయండి" అంది.

రాజీ సమావేశం రెండుసార్లు జరిగింది. మొదటిసారి మాటలు పెరిగాయి. ఇల్లు అన్న తీసుకున్నాడని తమ్ముడు, చదువు నీకు చెప్పించారని అన్న. ఆ పాత లెక్కలన్నీ బయటికి రానివ్వాల్సిందే, మధ్యలో ఆపితే ఇంటికెళ్ళి ముసలివాళ్ళ దగ్గర తేల్చుకుంటారు. రెండోసారికి వెళ్ళేముందు చిన్నకొడుకును ఒక మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇంటికి రమ్మన్నాను. రేకు డబ్బా తెరిచారు. "ఎడంచేతిది" అన్నాడు పెద్దాయన. ఆ అబ్బాయి గుమ్మంలోనే నిలబడి చూశాడు. ఆ తర్వాత తల్లిని తీసుకెళ్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

కుదిరిన ఒప్పందం ఇది. ముందుగది ఇద్దరికీ, బతికున్నంతకాలం. వంట, నీళ్ళు పెద్దకొడుకు ఇల్లు చూస్తుంది. చిన్నకొడుకు ప్రతి నెలా ఐదో తారీఖులోపు 3,500 రూపాయలు తల్లి ఖాతాలో వేస్తాడు. పింఛను పెద్దవాళ్ళ చేతుల్లోనే ఉంటుంది, అందులోంచి 2,000 ఇంటి ఖర్చుకు ఇస్తారు. కళ్ళ ఆపరేషన్ బాధ్యత కూతురిది. దీన్ని ట్రిబ్యునల్ ఉత్తర్వుగా ఇచ్చింది. ఇక్కడ ఉత్తర్వు ముఖ్యం. పెద్దమనుషుల కాగితం తప్పితే అడిగేవాడుండడు. ట్రిబ్యునల్ ఉత్తర్వు తప్పితే వారెంటు, నెల దాకా జైలు కూడా ఉంటుంది.

తర్వాత

కుడికంటి ఆపరేషన్ ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా అయింది. అక్కడ మేమెవరం ముందుగా ఊహించని చిక్కు వచ్చింది. ఆడవాళ్ళ వార్డులో రాత్రి మగమనిషిని ఉండనివ్వరు. మేం ఇంత కష్టపడి ఆపిన వేర్పాటు ఆసుపత్రి నియమంతో రెండు రాత్రులు జరిగింది. కూతురు ముందే ఆలోచించి మాత్రలన్నీ అట్టల్లోంచి తీసి, మూడు చిన్న డబ్బాల్లో వేసి, ఒక్కోదాని మీద గంట రాసింది. మాకు తట్టని పని అది. ఇప్పుడు పార్కిన్సన్స్ ఉన్న ప్రతి కేసులో చేయిస్తున్నాను, డాక్టరును అడిగి ఒకటి రెండు రోజులకు సరిపడా మాత్రమే.

కట్టు విప్పిన మూడో రోజు వెళ్ళాను. పెద్దమ్మ ఆయన ఎదురుగా కూర్చుని ఉంది. ఆయన చేతులను తన రెండు చేతుల్లో పట్టుకుని చూస్తోంది. "ఇంతగా వణుకుతున్నాయా?" అంది నాతో, మెల్లగా. ఏళ్ళ తరబడి ఆ చేతులను పట్టుకుందే గానీ చూడలేదు.

చిన్నకొడుకు రెండు నెలలు డబ్బు వేయలేదు, ఉద్యోగం మారానన్నాడు. నేను వారెంటు దాకా వెళ్ళకుండా మొదట ఫోన్ చేశాను. మూడో నెల రెండు నెలల బాకీలో సగం వేశాడు. పెద్దకోడలికి నడుంనొప్పి మొదలైంది, బకెట్టు మోయలేకపోతోంది. ముందుగది మీద జీవితకాల హక్కును రిజిస్టరు చేయించడం ఇంకా పెండింగే. ఫైలు మూయలేదు.

ఆరో నెల సందర్శనలో పెద్దాయన నన్ను అరుగు మీదికి పిలిచాడు. ఆమెకు వినపడకుండా అడిగాడు: "నేను పోతే ఈ పింఛను దానికొస్తుందా తల్లీ?" పింఛనుదారుడు చనిపోతే అది భార్యకు మారే ఏర్పాటు ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉందని చెప్పాను. మరణ ధ్రువపత్రం, ఆమె ఆధార్, వార్డు సచివాలయంలో దరఖాస్తు. "రాసిపెట్టు" అన్నాడు. పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాశాను. మడిచి, రేకు డబ్బాలో మాత్రల అడుగున పెట్టమన్నాడు. పెట్టాను.